అడ్వకేటు జనరలు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు

కలెక్టరు పేరు వినని పల్లె లేదు. మునసబు కోర్టు మెట్లెక్కని కుటుంబము అరుదు. కాని రాష్ట్రమునకు అడ్వకేటు జనరలు అను ప్రధాన న్యాయాధికారి యొకడు ఉండుననియు, ప్రభుత్వము తాను చేయదలచిన పని చట్టసమ్మతమగునో కాదో తెలిసికొనుటకు ఆయననే యడుగుననియు ఎఱిగినవారు తక్కువ. ఆయన శిస్తు వసూలు చేయడు, శిక్ష విధింపడు, గ్రామములకు తనిఖీకి రాడు. ఐనను రైతు అప్పు తగ్గునా, సత్రపు మాన్యము సత్రమునకే దక్కునా అను ప్రశ్నలు ఒక్కొక్కప్పుడు ఆయన బల్లమీదికి చేరును. అట్టి పదవిని 1929 మొదలు 1944 వఱకు మదరాసు రాష్ట్రమున నిర్వహించి, పిదప స్వతంత్ర భారత రాజ్యాంగ రచనలో ముఖ్యులైనవారు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు. వారు నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెటూరి బిడ్డ.

జననము, విద్య

కృష్ణస్వామి అయ్యరుగారు 1883వ సంవత్సరము మే 14వ తేదీన నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రిగారు పౌరోహిత్యము జీవనముగా గల పండితులు. ఆ యింట ధనము లేకున్నను చదువునందు గౌరవము మెండుగా నుండెను. ఇంగ్లీషు చదువు కొలువులకు దారియని పల్లెలలో అప్పుడప్పుడే తెలియవచ్చుచున్న దినములవి. పేద బ్రాహ్మణ కుటుంబములు పిల్లవానిని పట్టణమునకు పంపుటయే యొక సాహసముగా నుండెడిది.

1899లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులై, వారు మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరి చరిత్రను అభ్యసించిరి. మిగిలిన వేళలలో న్యాయశాస్త్ర తరగతులకు పోయి బి.ఎల్. పట్టమును సంపాదించి, మదరాసు హైకోర్టున న్యాయవాదిగా ప్రవేశించిరి. చరిత్ర చదివిన ఆ చదువు వ్యర్థము కాలేదు. ఒక చట్టము ఏ పరిస్థితులలో, ఏ బాధను తీర్చుటకు పుట్టినదో తెలిసినగాని దాని యర్థము పూర్తిగా బోధపడదు. ఇతర దేశముల రాజ్యాంగముల చరిత్ర వారికి కరతలామలకమై యుండుటకు పునాది ఆ దినములలోనే పడెను.

ఆ కాలమున మదరాసు హైకోర్టు న్యాయవాదులలో ఉద్దండులైన పండితులు పలువురుండిరి. అడ్వకేటు జనరలు పదవి చిరకాలము ఆంగ్ల బారిస్టరుల సొత్తుగా నుండెను. 19వ శతాబ్ది చివరి యేండ్లలో వి. భాష్యం అయ్యంగారుగారు ఆ పదవిని తాత్కాలికముగా నిర్వహించిన తొలి భారతీయులైరి. తరువాత సి. శంకరన్ నాయరు, పి. ఎస్. శివస్వామి అయ్యరు మొదలగువారు ఆ పీఠము నధిష్ఠించిరి. విలాయతు చదువు లేకుండ, మదరాసులోనే చదివిన భారతీయుడును ప్రభుత్వమునకు న్యాయము చెప్పగలడని భాష్యం అయ్యంగారుగారి వంటివారు నిరూపించిన మార్గమిది. ఆ మార్గముననే పుదూరు పురోహితుని కుమారుడును నడచిరి.

కృష్ణస్వామి అయ్యరుగారి పెట్టుబడి రెండే: గ్రంథములు, జ్ఞాపకశక్తి. మైలాపూరు లజ్ ప్రాంతమున తండ్రి పేర వెలసిన వారి గృహము ఏకామ్ర నివాసము. వాదమునకు లేచినపుడు పూర్వ తీర్పులను వరుసగా స్మరింపగల శక్తి వారికుండెనని ప్రతీతి. వారి పాండిత్యము మదరాసునకే పరిమితము కాలేదు. వస్తువుల అమ్మకమును గూర్చిన 1930 నాటి చట్టము, భాగస్వామ్య వ్యాపారమును గూర్చిన 1932 నాటి చట్టము సిద్ధమగునపుడు కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘములలో సర్ దిన్షా ముల్లాగారి వంటివారితోపాటు వీరును సభ్యులైరి. ఇద్దరు కలిసి నూనెమిల్లు పెట్టుకొన్నను, బియ్యపు కొట్టు తెఱచినను వారి హక్కు బాధ్యతలను నిర్ణయించునది ఆ భాగస్వామ్య చట్టమే. 1932లో ప్రభుత్వము వారికి సర్ బిరుదము నొసగెను.

పదవి, దాని ధర్మములు

1929లో వారు మదరాసు అడ్వకేటు జనరలు అయిరి. ఈ పదవి స్వరూపమును గ్రహించినగాని వారి జీవితమునందలి విశేషము తెలియదు.

ఈ యధికారి మొదటి ధర్మము సలహా చెప్పుట. ప్రభుత్వము ఒక ఉత్తరువు నీయదలచును, లేదా బిల్లును తయారు చేయును. అది చట్టమునకు నిలుచునా యని అడ్వకేటు జనరలును అడుగును. ఏలినవారికి ప్రియమైన మాట చెప్పుట సులభము. అది చెల్లదు, కోర్టులో నిలువదు అని చెప్పుట కష్టము. కాని ఆ కష్టమైన మాట సమయమునకు చెప్పనివాడు ప్రభుత్వమునకు మిత్రుడు కాడు. రోగికి ఇష్టమైన పథ్యమునే చెప్పు వైద్యుని వంటివాడగును.

రెండవ ధర్మము శాసనసభ చేసిన చట్టమును కోర్టులో సమర్థించుట. ఇందు ఆయన ఇష్టానిష్టములకు తావు లేదు. చట్టము చేసిన పక్షము తనకు నచ్చినదైనను కాకున్నను, ప్రజాప్రతినిధులు చేసినది గనుక దాని పక్షమున చెప్పదగిన న్యాయమునంతయు చెప్పవలెను.

మూడవది న్యాయస్థానము పట్ల ధర్మము. తన వాదమునకు ప్రతికూలమైన పూర్వ తీర్పున్నచో దానిని దాచరాదు. ప్రభుత్వము సామాన్య కక్షిదారు వంటిది కాదు. అది గెలిచినను ఓడినను ఆ ధర్మఫలము ప్రజలదే.

నాలుగవది గ్రామస్థులకు అన్నిటికంటె సమీపమైనది. ధర్మకర్త యొకడు సత్రపు భూమిని తన భూమిగా అనుభవించుచుండును. చెఱువును దానమిచ్చిన దాత ఏనాడో గతించెను. అడుగువాడెవడు? 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను ప్రకారము, ప్రజోపయోగమైన ధర్మము దుర్వినియోగమైనపుడు అడ్వకేటు జనరలే దావా వేయవచ్చును. లేదా ఆ ధర్మముతో సంబంధముగల యిద్దరు వ్యక్తులు ఆయన వ్రాతపూర్వకమైన అనుమతిని పొంది దావా వేయవచ్చును. మదరాసు నగరమునకు వెలుపల ఈ యధికారమును ప్రభుత్వానుమతితో కలెక్టరు కూడ వినియోగింప వీలుండెను. వ్యక్తులు పొందవలసిన యనుమతి 1976లో కోర్టు చేతికి మాఱెను. ఐనను నోరులేని ధర్మమునకు నోరైనవాడు అడ్వకేటు జనరలు అను భావము ఆ సెక్షనులో నేటికిని నిలిచియున్నది.

అయ్యరుగారి కాలమున మదరాసు ప్రభుత్వము మాటిమాటికి మాఱెను. జస్టిసు పార్టీ మంత్రివర్గములు వచ్చెను. 1937లో రాజగోపాలాచారిగారి కాంగ్రెసు మంత్రివర్గము వచ్చెను. 1939లో అది రాజీనామా యిచ్చిన పిదప గవర్నరు పాలన వచ్చెను. ఒకరినొకరు తీవ్రముగ నెదిరించిన పక్షములన్నిటి యేలుబడిలోను అడ్వకేటు జనరలు మాత్రము ఒక్కరే. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ఈ పదవిని ప్రతి రాష్ట్రమునకు విధించి, హైకోర్టు జడ్జి కాదగిన యోగ్యత దీనికుండవలెనని నియమించెను. శాసనసభలో మాటలాడు హక్కును కూడ ఇచ్చెను. వోటు మాత్రము లేదు. పక్షమునకు చెందక, సభకు న్యాయము చెప్పుటకై వచ్చువాడని దీని యాంతర్యము.

రైతు ఋణముల చట్టము

ఆ కాలపు వ్యాజ్యములలో పల్లెలకు అన్నిటికంటె ముఖ్యమైనది రైతు ఋణములకు సంబంధించినది. ధరలు పడిపోయిన 1930 నాటి గడ్డుకాలమున రైతులు అప్పులలో కూరుకొనిపోయిరి. అసలు నూఱు రూపాయలైతే వడ్డీ ఇన్నూఱై కూర్చుండెను. 1938లో కాంగ్రెసు మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టమును చేసెను. దాని ప్రకారము 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దగును. అసలునకు రెట్టింపు సొమ్ము అప్పటికే ఏ రూపమున చెల్లించియున్నను అప్పంతయు తీఱినట్లే.

ఋణదాతలు ఊరకుండలేదు. వారి వాదమున బలము లేకపోలేదు. 1935 నాటి చట్టము అధికారములను రెండుగా పంచెను. వడ్డీ వ్యాపారము రాష్ట్రముల పాలికి వచ్చెను. ప్రామిసరీ నోట్లు కేంద్రము పాలికి పోయెను. గ్రామములలో అప్పులు పెక్కు నోట్లమీదనే జరుగును గనుక, రాష్ట్రము చేసిన యీ చట్టము కేంద్రము హద్దులలో జొఱబడినదని వారు వాదించిరి. ఆ వాదము నెగ్గినచో వేలకొలది రైతులకు కలిగిన ఉపశమనము కాగితము మీద మిగిలిపోయెడిది.

వ్యాజ్యము మదరాసు హైకోర్టును దాటి, 1937లో ఢిల్లీలో నెలకొన్న ఫెడరల్ కోర్టునకు పోయెను. 1940లో ఆ కోర్టు అధిక సంఖ్యాకుల తీర్పుతో మదరాసు చట్టమును నిలిపెను. ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయము నిచ్చెను. ప్రధాన న్యాయమూర్తి సర్ మారిస్ గ్వయర్‌గారు చూపిన మార్గమిది: చట్టము యొక్క సారమేమో చూడవలెను, అది ప్రక్క విషయమును కొంత తాకినంత మాత్రమున చెల్లకపోదు. దున్నునపుడు నాగలి గట్టును ఒరసికొన్నంత మాత్రమున రైతు ప్రక్కవాని పొలమును ఆక్రమించినట్లు కాదుగదా!

ఇందు గమనింపదగిన దొకటి కలదు. తీర్పు వచ్చునాటికి ఆ చట్టము చేసిన మంత్రివర్గము పదవిలో లేదు. పాలన గవర్నరు చేతిలో నుండెను. ఐనను ఆ చట్టము రాష్ట్రముది. దానిని కాపాడు భారము రాష్ట్ర న్యాయాధికారిది. మంత్రులు పోయినను చట్టమునకు దిక్కు పోలేదు. అడ్వకేటు జనరలు మంత్రివర్గమునకు వకీలు కాడు, రాష్ట్రమునకు వకీలు అనుటకు ఇంతకంటె నిదర్శనము లేదు.

1939 నాటి అమ్మకపు పన్ను చట్టమునకును ఇట్టి పరీక్షయే వచ్చెను. సరకు తయారు చేసినవాడే అమ్మిన మొదటి అమ్మకముపై రాష్ట్రము పన్ను వేయరాదనియు, అది కేంద్రమునకు చెందిన ఎక్సైజు సుంకమగుననియు బొడ్డు పైడన్న అండ్ సన్స్ అను వర్తక సంస్థ వాదించెను. 1942లో ఫెడరల్ కోర్టు రాష్ట్రము పక్షమున తీర్పు చెప్పెను. సరకును తయారు చేయుట వేఱు, అమ్ముట వేఱు అని తేల్చెను. మద్యనిషేధము వలన ఆదాయము కోల్పోయిన రాష్ట్రమునకు ఈ పన్ను ఆధారమైయుండెను.

విమర్శ

ఈ జీవితమును పొగడునపుడు ఒక ప్రశ్నను దాటిపోరాదు. కృష్ణస్వామి అయ్యరుగారు పదవిలోనున్న పదునైదేండ్లు దేశము స్వాతంత్ర్యమునకై పోరాడిన యేండ్లు. ఉప్పు సత్యాగ్రహము, క్విట్ ఇండియా ఉద్యమము ఆ కాలముననే నడచెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు వేలకొలది రూపాయల ఆర్జనగల బారిస్టరు వృత్తిని 1921లో విడిచి చెఱసాలల పాలైరి. అదే హైకోర్టున అయ్యరుగారు ఆంగ్ల ప్రభుత్వమునకు న్యాయాధికారియై బిరుదములు పొందిరి. త్యాగమున వీరిని ప్రకాశంగారితో పోల్చ వీలులేదు. దేశభక్తుల దృష్టిలో ఇది లోపముగా తోచుట సహజము.

ఐనను 1946లో రాజ్యాంగ పరిషత్తునకు సభ్యులను ఎన్నుకొనునపుడు, కాంగ్రెసు పక్షము తనలోనివారు కాని నిపుణులను కొందఱిని కోరి రప్పించెను. వారిలో అయ్యరుగారొకరు. చెఱసాల నుండి వచ్చినవారికిని, ప్రభుత్వ న్యాయాధికారిగా పండినవారికిని ఒకే సభలో స్థానము దొరకెను. దేశమును విడిపించినవారే, దేశమును నడుపుటకు వలసిన విద్య ఎవరియొద్దనున్నను దానిని గ్రహింపవలెనని తలంచిరి.

రాజ్యాంగ రచన

1946 డిసెంబరు 9న రాజ్యాంగ పరిషత్తు సమావేశమయ్యెను. ప్రాథమిక హక్కుల ఉపసంఘము, కేంద్రాధికారముల సంఘము, సుప్రీంకోర్టును గూర్చిన సంఘము మొదలగు పెక్కు సంఘములలో అయ్యరుగారు పనిచేసిరి. 1947 ఆగస్టు 29న డాక్టరు అంబేడ్కరుగారి అధ్యక్షతన ఏర్పడిన ముసాయిదా సంఘమునందును సభ్యులైరి. అప్పటికి వారికి అఱువదినాలుగేండ్లు.

కోర్టు ద్వారా అమలు చేయదగిన హక్కులను, ప్రభుత్వము ఆదర్శముగా పెట్టుకొనవలసిన సూత్రములను వేఱు చేయవలెనని వారు వాదించిరి. వేయి వాగ్దానములు వ్రాసి ఒక్కదానినైన కోర్టులో నిలుపలేకపోవుటకంటె, నిలుపగలవానిని వేఱుగా నిర్ణయించుటయే ప్రజలకు మేలు. అందుచేతనే రాజ్యాంగమున ప్రాథమిక హక్కులొక భాగమును, ఆదేశిక సూత్రములొక భాగమును అయ్యెను.

మఱియొక సందర్భమున వారి మాట నేటికిని చర్చకు తావిచ్చుచున్నది. వ్యక్తి స్వాతంత్ర్యమును హరించు చట్టము న్యాయమైనదా కాదా యని విచారించు విశాలాధికారము కోర్టులకుండవలెనా, లేక చట్టము నిర్ణయించిన పద్ధతి ననుసరించిన చాలునా అను ప్రశ్న వచ్చెను. అమెరికాలో మొదటి పద్ధతిని ఆధారము చేసికొని కోర్టులు కార్మికుల మేలుకై చేసిన చట్టములను కొట్టివేసిన చరిత్ర వారికి తెలియును. భారతమున సంఘ సంస్కరణ చట్టములకు అట్టి గతి పట్టునేమో యని శంకించి, 1948 డిసెంబరులో రెండవ పద్ధతినే సమర్థించిరి. పదునైదేండ్లు రాష్ట్ర శాసనములను కోర్టులలో కాపాడవలసిన పదవిలో నుండినవారికి ఈ భయము పుట్టుటలో వింత లేదు. కాని దీనివలన నిర్బంధితుల రక్షణ సన్నగిల్లెనను విమర్శయు కలదు. 1978లో మేనకా గాంధీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఆ పద్ధతి న్యాయమైనదిగను సమంజసమైనదిగను ఉండితీరవలెనని చెప్పి, అయ్యరుగారు సందేహించిన దిక్కునకే అడుగు వేసెను.

చదువురాని కోట్లాది ప్రజలకు వోటు హక్కు ఇచ్చుట ప్రమాదమని పలువురు జంకిన దినములలో, వయోజనులందఱికి వోటు అను సూత్రమును వారు నిండు మనసుతో సమర్థించిరి. సామాన్యుని వివేకమునందు విశ్వాసముంచినగాని ప్రజాస్వామ్యమునకు అర్థము లేదని 1949 నవంబరులో పరిషత్తునందు వారు చేసిన ప్రసంగ సారాంశము. కోర్టుల స్వాతంత్ర్యమును గట్టిగా కోరుచునే, అవి శాసనసభకు పైసభలు కారాదని ఆ ప్రసంగముననే హెచ్చరించిరి.

రాష్ట్ర అడ్వకేటు జనరలు పదవి రాజ్యాంగమున 165వ అధికరణముగా నిలిచెను. గవర్నరు నియమించును, హైకోర్టు జడ్జి కాదగిన యోగ్యత ఉండవలెను, ప్రభుత్వమునకు న్యాయ విషయములలో సలహా చెప్పవలెను. 177వ అధికరణము శాసనసభలో వోటు లేకుండ మాటలాడు హక్కు నిచ్చెను. తాము పదునైదేండ్లు ధరించిన బాధ్యత స్వతంత్ర దేశపు రాజ్యాంగమున చోటు చేసికొనుటను వారు కన్నులార చూచిరి.

1949 నవంబరు 25న తుది ప్రసంగము చేయుచు అంబేడ్కరుగారు, ముసాయిదా సంఘమునకు తాము అధ్యక్షులగుట తమకే ఆశ్చర్యము కలిగించెననియు, అయ్యరుగారి వంటి తమకంటె పెద్దలు ఆ సంఘమునందుండిరనియు వినయముతో చెప్పిరి. కుల వివక్షతో పోరాడి పైకి వచ్చిన ఆ మహామేధావి, పురోహితుని యింట పుట్టిన ఈ పండితుని విద్యను నిండు సభలో అట్లు గౌరవించుట ఉభయుల ఔన్నత్యమును చాటును.

తుది దినములు

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చిన వెంటనే వారు ఒకప్పుడు తాము సలహా చెప్పిన మదరాసు ప్రభుత్వమునకే ఎదురుగా నిలిచిరి. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలోని స్థలములను కులములవారీగా పంచు ఉత్తరువును సవాలుచేసిన వ్యాజ్యమున అర్జీదారుల పక్షమున వాదించిరి. హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. 1951లో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపఱచెను. దాని ఫలితముగా ఆ సంవత్సరమే పార్లమెంటు రాజ్యాంగమునకు మొదటి సవరణ చేసి, వెనుకబడిన తరగతుల మేలునకై ప్రత్యేక యేర్పాటులు చేయుటకు వీలు కల్పించెను. ఈ విషయమున అయ్యరుగారి పక్షము న్యాయమా, సవరణ చేసినవారి పక్షము న్యాయమా యనుచో, తరతరములుగా చదువునకు దూరమైన కుటుంబములకు ఆ సవరణ తలుపు తెఱచెనని చరిత్ర చెప్పుచున్నది. రాజ్యాంగము వ్రాసినవారి వాదము గెలిచిన చోటనే ప్రజాప్రతినిధులు దానిని సరిదిద్దుకొనగలుగుట కూడ ఆ రాజ్యాంగము గొప్పతనమే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. పుదూరు గ్రామము ఆ రాష్ట్రమున చేరెను. రెండు దినములు గడచి అక్టోబరు 3న కృష్ణస్వామి అయ్యరుగారు పరమపదించిరి. మరుసటి యేడు గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసి, 1956లో హైదరాబాదునకు చేరెను. ఆ హైకోర్టునకే 1982లో వారి కుమారులు అల్లాడి కుప్పుస్వామిగారు ప్రధాన న్యాయమూర్తి అయిరి. మఱియొక కుమారులు అల్లాడి రామకృష్ణన్‌గారు భౌతికశాస్త్రవేత్తలై 1962లో మదరాసున గణితశాస్త్ర సంస్థను స్థాపించిరి. 1944లో అయ్యరుగారి తరువాత అడ్వకేటు జనరలు పదవిని అందుకొన్నవారు పి. వి. రాజమన్నారుగారు. నాటకకర్తగా తెలుగువారికి సుపరిచితులైన వీరు పిదప మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిరి.

అయ్యరుగారు సేనలను నడుపలేదు, ప్రజలను ఉఱ్ఱూతలూపు ఉపన్యాసములీయలేదు. పుస్తకము తెఱచి, చట్టము ఏమి చెప్పుచున్నదో చూచి, దానిని ఏలినవారికి చెప్పుట వారి జీవితకార్యము. ప్రభుత్వమునకు సైన్యముండును, ధనముండును, అధికారముండును. ఇది నీ హద్దు అని చెప్పువాడొకడు దానికి తోడుగా లేనిచో ఆ మూడును ప్రజలమీదికే తిరుగును. గ్రంథాలయపు బీరువాలో నుండు రాజ్యాంగ గ్రంథమును పల్లెటూరి బాలుడు తీసి చదువునపుడు, దాని వెనుక నెల్లూరు జిల్లా పల్లెటూరి బాలుడొకడు దీపము ముందు కూర్చుండి చదివిన చదువు కలదని తెలిసికొనుట మంచిది.